మంగళవారం, మూడు యాభై ఏడు

మెయిలు పోలేదన్న సంగతి నాగరాణికి రెండూ నలభై ఆరుకే తెలిసింది.

దామోదర్ సేటు మిల్లు ఆఫీసులో కూర్చుని, వెంకటేశ్వరస్వామి పటానికి దండం పెట్టుకుని, సరిగ్గా రెండూ నలభైకి దాన్ని పంపాడు. పంపిన వెంటనే ఫోన్ చేశాడు. "పంపిన. మూడింటికి రాహుకాలం తగుల్తది. అంతకు ముందే మనది ఊరు దాటాలె, సూసుకో" అన్నాడు. ఊరు దాటడం దేవుడెరుగు, వీధి కూడా దాటలేదు. మిల్లు నుంచి నాగరాణి ఇంటిదాకా వచ్చి, అక్కడ స్టూలు మీద మూత లేకుండా పేగులు బయటపెట్టుకుని కూర్చున్న పాత కంప్యూటరులో ఆగిపోయింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు ఒకటే మాట చెబుతున్నాయి: పాస్‌వర్డ్ తప్పు.

ఆ డొక్కు కంప్యూటరే మిల్లుకు మెయిల్ సర్వరు. నవ్వకండి. నాగరాణి సూర్యాపేటలో ఇంటర్నెట్ సెంటరు నడిపేవాళ్ళ దగ్గర రెండేళ్ళు పనిచేసింది. అక్కడ మూలన పడేసిన ముక్కలు తెచ్చి అతికించి, పుస్తకం చూసి లినక్స్ ఎక్కించి, తన చేతులతో నిలబెట్టిన సర్వరు అది. కొచ్చిన్‌లో బియ్యం కొనే కంపెనీవాళ్ళు మహా పట్టింపు మనుషులు. ఊరికే దొరికే అడ్రసుల నుంచి వచ్చే కొటేషన్లు చూసేది లేదన్నారు. మిల్లు పేరుతో సొంత అడ్రసు ఉండాలి, మంగళవారం సాయంత్రం ఐదు లోపల చేరాలి, ఫ్యాక్సులూ కొరియర్లూ వద్దన్నారు. "నేను పెట్టిస్త సార్, మా ఇంట్లనే" అని నాగరాణి దీపావళి ముందు మాటిచ్చింది. ఇప్పుడు రెండువేల తొమ్మిది నవంబరు నడుస్తోంది, ఆ మాట మెడకు చుట్టుకుంది.

మాట సంగతి అటుంచండి. ఎండాకాలం నుంచి దామోదర్ మిల్లు గొట్టంలో పొగ లేదు. మిర్యాలగూడ చుట్టూ వడ్లకు కరువా? సాగర్ కాలువ కింద త్రిపురారం నుంచి వేములపల్లి దాకా కోతలు సాగుతున్నాయి, లారీలు పక్క మిల్లులకే మళ్ళుతున్నాయి. ఈ ఉప్పుడు బియ్యం ఆర్డరు కూడా రాకపోతే యంత్రాలు ఊడదీయిస్తానని సేటు దసరా నాడే తేల్చి చెప్పాడు. అదే జరిగితే కళ్ళంలో వడ్లు ఎండబోసే నలభైమంది ఆడవాళ్ళు ఇక పూర్తిగా రోడ్డున పడతారు. ఆ నలభైమందిలో నాగరాణి తల్లి ఈదమ్మ ఒకతి.

ఇంటి ఫోన్ లైను మీద నడిచే సర్వరుకు ఒక చిక్కుంది. అది నేరుగా వెళ్ళి ఎవరి తలుపు కొట్టినా తియ్యరు. దొంగ మెయిళ్ళన్నీ అలాంటి లైన్ల నుంచే వస్తాయని వాళ్ళ భయం. అందుకని నాగరాణి హైదరాబాదులో ఒక కంపెనీ సర్వరులో ఖాతా తీసుకుంది. ఇక్కడి మెయిలును ముందు దాని చేతిలో పెడితే, అది తన పరపతితో అవతలివాళ్ళకు అందిస్తుంది. దాన్ని రిలే అంటారని చెబితే ఈదమ్మకు ఒక్క నిమిషంలో అర్థమైంది. "అంటే పటేల్ చీటీ పట్టుకపోతేనే దవాఖానల మంచం దొరికినట్టు" అంది. సేటును ఆమె పటేల్ అనే అంటుంది.

ఆ హైదరాబాదువాళ్ళు సోమవారం పాస్‌వర్డ్ మార్చుకోమన్నారు. నాగరాణి మార్చింది, కొత్తది ఫైల్లో రాసింది. రాసిన ఫైలును సర్వరు చదువుకునే తీరులోకి మళ్ళీ తిప్పాలి, అందుకు ఒక చిన్న కమాండు ఉంటుంది. ఆ కమాండు కొట్టే వేళకు పాలామె పిలిచిందో, పొయ్యి మీద ఎసరు పొంగిందో, లేచిపోయింది. మళ్ళీ గుర్తు రాలేదు. ఇవాళ మెయిలు ఆగిపోయేసరికి గాభరా పుట్టి, కారణం వెతక్కుండా, క్యూలో ఉన్నదాన్ని పో పో అని ఆరుసార్లు తరిమింది. ఆరుసార్లూ అది పాత పాస్‌వర్డే పట్టుకుని హైదరాబాదు గడప తొక్కింది. రెండూ యాభై ఏడుకు విసిగిపోయిన ఆ సర్వరు ఖాతాకు తాళం వేసేసింది. తన తప్పేమిటో నాగరాణికి అప్పుడు వెలిగింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు కొట్టింది ఆ కమాండు.

హైదరాబాదుకు ఫోన్ చేస్తే ఒకాయన చాలా మర్యాదగా మాట్లాడాడు. "గంట తర్వాత దానంతటదే ఓపెన్ అవుతుంది మేడమ్. మధ్యలో తీయడం మా చేతుల్లో లేదు" అన్నాడు.

గంట అంటే మూడు యాభై ఏడు. ఆ వార్డులో రోజూ నాలుగింటికి కరెంటు పోతుంది, ఆరింటిదాకా రాదు. గడువు ఐదింటికి. అంటే మెయిలు పోవడానికి ఆమెకు ఉన్నవి మూడే నిమిషాలు. ఆ మూడు నిమిషాలూ రాహుకాలంలోనే ఉన్నాయి, ఎందుకంటే మంగళవారం రాహుకాలం నాలుగున్నర దాకా వదలదు.

ఆ ఇంట్లో రాహుకాలం ఏదో క్యాలెండరులో చూసుకునే ముచ్చట కాదు. నాగరాణి తండ్రి దుర్గయ్య ఆ మిల్లులోనే బాయిలర్ చూసేవాడు. వేములపల్లిలో గొర్రెలమంద అమ్ముకుని వచ్చి నేర్చుకున్న పని. ఆరేళ్ళ కిందట, ఇలాంటి మంగళవారమే, మూడున్నరకు బాయిలర్ అంటించాడు. నాలుగింటికి అది పేలింది. మర్నాడు చావింటికి వచ్చిన దామోదర్ సేటు పదిమంది ముందర ఒకే మాట అన్నాడు. "రాహుకాలంల అంటబెట్టకు దుర్గయ్యా అని చిలక్కు చెప్పినట్టు చెప్పిన. ఇనలే." ఆ మాట పాడె కంటే ముందు ఊరు తిరిగింది. చచ్చినవాడే తప్పు చేసినవాడయ్యాడు. ఆవిరి బయటికి పోయే సేఫ్టీ వాల్వుకు అప్పటికి నెల నుంచి, అది తెరుచుకోకుండా ఇనుప తీగె చుట్టి ఉందని మిల్లులో ఒకరిద్దరు గొణిగారు గానీ, గొణుగుడుకు సాక్ష్యం ఎవరు పలుకుతారు? ఈదమ్మ నోరెత్తి ఏమీ అడగలేదు. తన పెనిమిటి పటేల్ మాట జవదాటాడన్న సిగ్గుతో తల దించుకుని, దినాలు కాగానే అదే కళ్ళంలో పనికి పోయింది.

చేసిన తప్పు దాచడం నాగరాణికి చేతకాదు. మూడూ ఐదుకు సేటుకు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది.

దామోదర్ సేటు పదిహేను నిమిషాల్లో జీపు దిగాడు. యాభై ఐదేళ్ళ మనిషి, తెల్ల చొక్కా, నాలుగు వేళ్ళకు నాలుగు రంగుల ఉంగరాలు. ఆ ఇంటి గడప ఎన్నడూ తొక్కనివాడు. ఈదమ్మ గబగబా కుర్చీ కొంగుతో తుడిచి వేసి, వంటింటి తలుపు వెనక్కి వెళ్ళి నిలబడింది.

"పోలేదా?" అన్నాడు కూర్చోకుండానే.

"పోలే సార్. తప్పు నాదే. మూడు యాభై ఏడుకు తాళం ఇడుస్తది, అప్పుడు కొడితే ఒక్క నిమిషంల పోతది."

"మూడు యాభై ఏడంటే రాహుకాలం గద."

"నాలుగింటికి కరెంట్ పోతది సార్. ఈ బ్యాటరీ రెండు నిమిషాలు కూడ ఆగదు."

"ఇంటర్నెట్ సెంటర్ల కెల్లి పంపితే?"

"మిల్లు అడ్రసు నుంచి రాకుంటే వాళ్ళు తియ్యరు సార్. మీరే గద చెప్పింది."

దామోదర్ కుర్చీలో కూలబడ్డాడు. వాచీ చూసుకున్నాడు, గోడ గడియారం చూశాడు, మళ్ళీ వాచీ చూసుకున్నాడు. "ఇను పిల్లా. నాలుగున్నర దాటినంక పంపుదాం. మిల్లుల చిన్న జనరేటర్ ఉన్నది, ఫకీరాను తెమ్మంట. కరెంట్ పోతే పోనియ్. నాలుగున్నర అయ్యేదాక ఆ డబ్బా ముట్టకు. ఇనబడ్డదా? మీ నాయిన లెక్క చెయ్యకు."

మీ నాయిన లెక్క. నాగరాణి చెవులు భగ్గుమన్నాయి. ఆరేళ్ళుగా విన్న మాటే, అయినా ఇంట్లో కూర్చుని, తల్లి వింటుండగా అనడం ఇదే మొదలు. కీబోర్డు మీది చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

మూడూ నలభై. దామోదర్ జేబురుమాలుతో మెడ తుడుచుకుంటూ తెర వంక చూస్తున్నాడు. అందులో ఆయనకు ఒక్క ముక్క అర్థం కాదు, అయినా రెప్ప వాల్చడం లేదు. మూడూ నలభై ఎనిమిది. ఫకీరా ఫోన్ ఎత్తడం లేదు. మూడూ యాభై రెండుకు ఎత్తాడు. సిగ్నల్ సరిగా లేక దామోదర్ "హలో, హలో" అంటూ బయటి అరుగు మీదికి పోయాడు. జనరేటరు ఆటోలో ఎక్కించాడా లేదా, పెట్రోలు పోశాడా లేదా అని అక్కడి నుంచి ఆయన గొంతు వినిపిస్తోంది.

నాగరాణి తెర మీద గడియారం చూసింది. మూడూ యాభై ఐదు.

జనరేటరు వస్తుందేమో. వస్తే నాలుగున్నరకు ఏ గొడవా లేకుండా పంపొచ్చు. అది ఆమెకు తెలుసు. జనరేటరు మీద నమ్మకం లేక ఇప్పుడే పంపాలనుకుంటోందా అంటే, అదొక్కటే కాదు. ఆమెకు తెలుసుకోవాలని ఉంది. రాహుకాలంలో చేసిన పని నిజంగా మసి అవుతుందా? అయితే తండ్రి తప్పు చేశాడు, ఒప్పుకోవలసిందే. కాకపోతే? ఈ ప్రశ్న ఆరేళ్ళ నుంచి గొంతులో చేపముల్లులా ఉంది, మింగుడు పడదు, బయటికి రాదు. అయితే ఒక మాట. పరీక్షకు పెట్టబోయేది తన ఒక్కదాని బతుకు కాదు. నలభైమంది ఆడవాళ్ళ కూలి, తల్లి కూడు. చదువుకున్న పిల్లే గానీ ఆమెలోనూ సగం మనిషి రాహువును నమ్ముతుంది. ఆ నమ్మకంలోనే పెరిగింది మరి.

మూడూ యాభై ఆరు. చేయి కీబోర్డు మీదికి పోయింది.

వంటింటి తలుపు వెనక నుంచి ఈదమ్మ చప్పుడు లేకుండా వచ్చి మణికట్టు పట్టుకుంది. కళ్ళం పనిచేసిన చేయి, ఇనుప పట్టు.

"వద్దు బిడ్డా" అంది గుసగుసగా. "పటేల్ వద్దన్నడు గద."

"నాకు తెల్వాలె అవ్వా."

"ఏం తెల్వాలె? ఒకలు ఇనక పోయిండ్రు, సాలదా? నువ్వు గూడ అదే చేస్తవా?"

"ఇది బాయిలర్ కాదు. పేలితే నా మీదనే పేల్తది. ఇడువు."

ఈదమ్మ వదల్లేదు. బయట దామోదర్ "ఎడమ దిక్కు సందుల కెల్లి రా" అని ఫకీరాకు దారి చెబుతున్నాడు. నాగరాణి తల్లి ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో భయమే తప్ప కోపం లేదు. తెర మీద అంకె మారింది, మూడూ యాభై ఏడు. కుడి చేయి తల్లి పట్టులోనే ఉంది. నాగరాణి ఎడమ చేత్తో, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ, క్యూను కదలమనే కమాండు కొట్టి ఎంటర్ నొక్కింది.

ఒక క్షణం ఏమీ కాలేదు. తర్వాత తెల్ల గీతలు నాలుగు పైకి జరిగాయి. హైదరాబాదు సర్వరు పాస్‌వర్డ్ ఒప్పుకుంది, మెయిలు తీసుకుంది. చివరి గీతలో ఒక్క మాట: పంపబడింది. ఈదమ్మ చేయి తనంతట తానే జారిపోయింది. ఆమె వంటింట్లోకి పోయి గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. నాలుగింటికి చెప్పినట్టే కరెంటు పోయింది. బ్యాటరీ ఒకటిన్నర నిమిషం కుయ్యి కుయ్యిమని అరిచి ఊరుకుంది.

హైదరాబాదు దాకా చేరిందని తెలుసు. అక్కడి నుంచి కొచ్చిన్‌లో అందిందో లేదో తెలుసుకునే దారి లేదు, మోడెం చచ్చింది. సేటుకు చెబుదామా అని నాగరాణి రెండుసార్లు నోరు తెరిచింది, రెండుసార్లూ మూసుకుంది. రాహుకాలంలో పోయిందని తెలిస్తే ఆ మనిషి ఊరుకునే రకం కాదు. కొచ్చిన్‌కు ఫోన్ చేసి, అది చించేయండి, కొత్తది పంపుతానంటాడు. ఐదు దాటేదాకా నోరు విప్పకూడదని పళ్ళు బిగించింది.

ఫకీరా ఆటో నాలుగూ ఇరవైకి వచ్చింది. ఆయన మిల్లులో పాత మెకానిక్కు, అరవై దాటినవాడు. జనరేటరును అరుగు మీద దించి తాడు లాగాడు. బుస్సుమంది, ఆగింది. మళ్ళీ లాగాడు. నాలుగున్నర అయింది. "ఇగ ఇడిసింది, కానియ్ ఫకీరా" అన్నాడు దామోదర్, రాహువు తన చుట్టమైనట్టు. ఫకీరా లాగుతూనే ఉన్నాడు. ప్లగ్గు విప్పి తుడిచాడు, నూనె చూశాడు. "ఎండకాలం నుంచి మూల పడ్డది సేటూ, పెట్రోల్ల నీళ్ళు జేరినట్టున్నది" అన్నాడు. నాలుగూ నలభై. దామోదర్ చొక్కా వీపుకు అంటుకుపోయింది. తనే తాడు అందుకుని లాగాడు, ఉంగరాల వేలు గీరుకుపోయి నెత్తురు వచ్చింది. నాలుగూ నలభై ఎనిమిది. ఇంట్లోకి వచ్చి కుర్చీలో కూర్చుని రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు.

"ఖతం" అన్నాడు. "అంతా ఖతం. మా తాత పెట్టిన మిల్లు."

ఆయన గొంతు వణకడం నాగరాణి ఎన్నడూ వినలేదు. మనసు కరిగింది, ఎందుకు కరగదు, ఎంతైనా మనిషి. పోతే పోయింది, ఇప్పుడు చెప్పేద్దామని ముందుకు వంగింది. అదే క్షణాన ఆయన సెల్ మోగింది.

దామోదర్ నంబరు చూసి లేచి నిలబడ్డాడు. అవతల కొచ్చిన్ కంపెనీ మనిషి. ఇవతలివాళ్ళకు వినిపించింది దామోదర్ హిందీ ఒక్కటే. "హా జీ... మిలా? కబ్ మిలా?... తీన్ సత్తావన్?" మూడు యాభై ఏడు అన్న మాటకు ఆయన కళ్ళు నాగరాణి వైపు తిరిగాయి, అక్కడే ఆగాయి. "రేట్ ఠీక్ హై? హా జీ, హా జీ. కల్ సే లారీ కా బాత్ కరేంగే. షుక్రియా."

రేటు కుదిరింది, ఆర్డరు మిల్లుకే వచ్చింది. ఫోన్ పెట్టేశాక ఆయన ముఖమంతా నవ్వు పరుచుకుంది. వచ్చి నాగరాణి తల మీద చేయి పెట్టాడు, గీరుకుపోయిన ఆ చేయే.

"బతికించినవ్ బిడ్డా. నేను వద్దన్నా పంపి బతికించినవ్. రాహుకాలమైతే ఏమాయె? గడియారంల ఏమున్నది, అంతా మన మనసుల ఉంటది."

నాగరాణి ఆ చేతి కింద నుంచి తల పక్కకు తీసుకుంది. లేచి నిలబడింది.

"గడియారంల ఏం లేకపోతే, మా నాయిన ఎట్ల సచ్చిపోయిండు సార్?"

నవ్వు ఆయన ముఖం మీద ఉన్నచోటే ఉండిపోయింది. "ఇప్పుడు ఆ ముచ్చటెందుకు?"

"ఇప్పుడే కావాలె. రాహుకాలంల బాయిలర్ అంటబెట్టి సచ్చిపోయిండంటిరి. రాహుకాలంల మెయిల్ పోతే మిల్లు బతికిందంటున్నరు. రెండిట్ల ఏది నిజం?"

"బాయిలర్ సంగతి వేరే. యంత్రం అది."

"అవును సార్, యంత్రమే. వాల్వుకు తీగె చుట్టిన యంత్రం. ఆ తీగె ఎవరు చుట్టమన్నరు?"

అరుగు మీద ఫకీరా తాడు లాగడం మానేశాడు. లోపలికి చూడలేదు, తాడు చేతికి చుట్టుకుంటూ నేల వంక చూస్తూ నిలబడ్డాడు. దామోదర్ ఆయన వైపు ఒకసారి చూసి, సెల్ జేబులో పెట్టుకుని, పోవడానికి తిరిగాడు.

ఈదమ్మ అప్పటికే వంటింట్లోంచి వచ్చి వాకిలి దగ్గర ఉంది. గడప మీద కూర్చోకూడదని నాగరాణికి చిన్ననాటి నుంచి వెయ్యిసార్లు చెప్పిన మనిషి, పటేల్ ఎదురుగా ఎన్నడూ కూర్చోని మనిషి, గడపకు అడ్డంగా కూర్చుంది. ఆరేళ్ళలో మొదటిసారి తలెత్తి ఆయన ముఖంలోకి చూసింది.

"పటేలా. ఆరేండ్ల సంది పొద్దున లేస్తే నా మొగుణ్నే తిట్టుకున్న. నీ మాట ఇనకపాయె, నన్ను ఆగం జేసిపాయె అని తిట్టుకున్న. దినాల కాడ గూడ ఏడ్వలే నేను. ఇగ నేను ఎవర్ని తిట్టుకోవాలె? నువ్వే చెప్పు."

దామోదర్ గడప దాకా వచ్చి ఆగాడు. బయటికి పోవాలంటే ఆమెను దాటి పోవాలి. ఐదు దాటింది. ఈదమ్మ లేవలేదు.